మోచెయ్యి విరిగితే మణికట్టు చూడమన్న డాక్టరు

మాది నెల్లూరు తీరాన కోట. సముద్రం పక్కన సరుగుడు తోపులు, తాటిచెట్లు, స్వర్ణముఖి ఇసుక, ఇవీ మా వైపు సంపదలు. చెట్టు మీంచి పడటం, గట్టు మీంచి జారటం, ఇప్పుడైతే గూడూరు రోడ్డు మీద మోటారు సైకిలు మీంచి పడటం మా వాళ్ళకి కొత్తేమీ కాదు. చెయ్యి విరిగినవాణ్ణి ఆసుపత్రికి తీసకపోదామని ఒకరంటే, పుత్తూరు కట్టుకు పోదామని ఇంకొకరంటారు. ఆ తగవు తేలేలోపల చెయ్యి వాచి కూర్చుంటుంది.

మా మేనమామ అలాగే ఒకసారి బండి మీంచి పడ్డాడు. పడేటప్పుడు ఎవరైనా చేసే పనే ఆయనా చేశాడు. కుడి అరచెయ్యి నేలకు ఆనించాడు. మోచేతిలో ఎముక తల నుగ్గయింది. ఒక ఆసుపత్రిలో ఆ నుగ్గయిన ముక్కలు తీసేశారు. నెల తిరిగేసరికి మోచెయ్యి ముడుస్తున్నాడు, చాస్తున్నాడు, ఇంటిల్లిపాదీ సంతోషించాం. ఏడాది గడిచిందో లేదో మణికట్టులో నొప్పి మొదలైంది. చిటికెనవేలి పక్క ఎముక గోళీలాగా పైకి లేచింది. అరచెయ్యి తిరగడం మానుకుంది. గుళ్ళో తీర్థానికి చెయ్యి పట్టాలంటే భుజం వంచి, ఒళ్ళంతా పక్కకు తిప్పవలసి వచ్చేది. విరిగింది ఒకచోటైతే నొప్పి ఇంకొకచోట ఎందుకొచ్చిందని ఆయన అడుగుతూ ఉండేవాడు. వాతమన్నారు కొందరు. వయసన్నారు కొందరు. మోచేతి దెబ్బకూ మణికట్టుకూ సంబంధం ఉంటుందన్న ఆలోచన మాలో ఎవరికీ రాలేదు.

నేను వైద్యుణ్ణి కాను. పాఠం చెప్పేది భౌతికశాస్త్రం. అయినా మామ ప్రశ్న నన్ను వదల్లేదు. వైద్యం చదివిన మిత్రుల్ని అడిగి, లైబ్రరీలో వెతికి చూస్తే ఆ ప్రశ్నకు జవాబు 1951లోనే అచ్చయి ఉంది. నాలుగంటే నాలుగు పేజీల వ్యాసం. రాసినాయన డాక్టర్ పీటర్ ఎసెక్స్-లోప్రెస్టీ. ఎముకల వైద్యం నేర్చే ప్రతి విద్యార్థికీ ఈ పేరు తెలుసు. తెలుసు గానీ, ఎసెక్స్ ఒకరు, లోప్రెస్టీ ఇంకొకరు, ఇద్దరూ కలిసి ఏదో కనిపెట్టారని అనుకునేవాళ్ళు ఎందరో ఉన్నారు. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఇద్దరు కాదు, ఒక్కరే. అదీ 35 ఏళ్ళకే వెళ్ళిపోయిన మనిషి.

ఆయన లండన్ హాస్పిటల్లో చదువుకుని 1937లో వైద్యుడుగా బయటకు వచ్చారు. రెండేళ్ళు తిరక్కుండానే రెండో ప్రపంచ యుద్ధం. ఆ తరం యువ వైద్యుల్ని చాలామందిని తీసుకుపోయినట్టే యుద్ధం ఆయన్నీ సైన్యపు వైద్య విభాగంలోకి తీసుకుపోయింది. ఆయన శస్త్రవైద్యుడుగా పనిచేసింది మామూలు పటాలంలో కాదు, విమానాల మీంచి పారాచూట్లతో దూకే దళాల మధ్య.

అప్పటికి బ్రిటిషు సైన్యానికి పారాచూట్ విద్య కొత్త. 1940లో మాంచెస్టరు దగ్గర రింగ్‌వే అనే చోట శిక్షణ మొదలుపెట్టారు. ఆరో ఎయిర్‌బోర్న్ డివిజన్ 1943లో ఏర్పడింది; 1944 జూన్ 6న నార్మండీలో దిగింది, 1945 మార్చిలో రైన్ నది దాటి దిగింది. యుద్ధానికి పోకముందు శిక్షణలోనే వేలకు వేల సార్లు దూకాలి. గాలిలో ఎంత హాయిగా తేలినా చివరికి నేలను తాకక తప్పదు గదా. తాకిన ఆ ఒక్క క్షణంలో మనిషి బరువూ, వేగమూ కలిసి ఏ ఎముక గుండా పోతే ఆ ఎముకకు మూడుతుంది. దిగేటప్పుడు పాదాలు ఎలా ఉన్నాయి, గాలి ఎటు తోస్తోంది, మోకాళ్ళు దగ్గరగా ఉన్నాయా లేదా అన్నదాన్ని బట్టి దెబ్బ మారిపోతుంది.

ఎసెక్స్-లోప్రెస్టీ ఆ దెబ్బలకు కట్లు కట్టి ఊరుకోలేదు, లెక్క రాశారు. ఆరో ఎయిర్‌బోర్న్ డివిజన్ వాళ్ళు దూకిన 20,777 దూకుళ్ళను తీసుకుని, ఎందరికి దెబ్బలు తగిలాయి, ఎక్కడ తగిలాయి, ఎందుకు తగిలాయి అని పరిశీలించి 1946లో బ్రిటిషు శస్త్రచికిత్స పత్రికలో ప్రకటించారు. దెబ్బ తిన్నవాళ్ళు నూటికి రెండుకు కాస్త ఎక్కువ. సైన్యాధికారులకు ఆ అంకె ముఖ్యం కావచ్చు. నాబోటి వాడికి ముఖ్యమనిపించేది ఆయన చూపు. ఎముక విరిగిన చోటుతో ఆగకుండా, దెబ్బ ఎక్కణ్ణుంచి బయలుదేరి ఏ దారిన పోయిందని చూడటం ఆయన అక్కడ అలవరచుకున్నారనిపిస్తుంది. మా క్లాసులో బలం దిశ, బలం పరిమాణం అని చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చే పాఠమే అది. ఆయనకు అది రోజూ వచ్చే క్షతగాత్రుడి శరీరం.

యుద్ధం తరవాత ఆయన చేరింది బర్మింగ్‌హామ్ యాక్సిడెంట్ హాస్పిటల్లో. ఈ ఆసుపత్రి గురించి రెండు మాటలు చెప్పుకోవాలి. యుద్ధకాలంలో, 1941లో, కేవలం ప్రమాదాల్లో దెబ్బ తిన్నవాళ్ళ కోసమే తెరిచిన ఆసుపత్రి అది. అలాంటివాటిలో ప్రపంచంలోనే మొదటిదని పేరు. బర్మింగ్‌హామ్ అంటే ఫ్యాక్టరీల ఊరు. మర చక్రాల్లో నలిగిన చేతులకు, కాలిన ఒళ్ళకు అక్కడ కొదవ లేదు. దాన్ని నడిపిన విలియం గిస్సేన్ అనే ఆస్ట్రేలియా దేశస్థుడు ఒక పద్ధతి పెట్టుకున్నాడు. దెబ్బ తిన్నవాణ్ణి జ్వరగాళ్ళ మధ్య పడెయ్యకూడదు. వచ్చిన మొదటి గంట నుంచి మళ్ళీ పనిలోకి పోయేదాకా ఒకే వైద్యబృందం చూసుకోవాలి. ఇప్పుడు వింటే ఇందులో ఏముంది అనిపిస్తుంది. కానీ ఆలోచించండి, మోచేతికి ఆపరేషన్ చేసిన డాక్టరు ఆ రోగిని ఏడాది తరవాత కూడా చూస్తే తప్ప, మణికట్టు చెడిపోయిన సంగతి ఆ డాక్టరుకు ఎలా తెలుస్తుంది? మా మామను మోచేతికి చూసినవారు వేరు, ఏడాదికి మణికట్టుకు చూసినవారు వేరు. రెండు చీటీలూ ఒకరి దగ్గర ఎప్పుడూ కలవలేదు.

అక్కడ ఎసెక్స్-లోప్రెస్టీ ఆపరేషన్లు చెయ్యడమే గాక, పట్టభద్రులైన వైద్యులకు చదువు చెప్పే విభాగాన్ని కూడా నడిపారు.

ఇప్పుడు ముంజేతి సంగతి. హైస్కూలు జీవశాస్త్రం మరిచిపోనివాళ్ళకు రత్ని, అరత్ని గుర్తుండే ఉంటాయి. బొటనవేలి పక్కది రత్ని, చిటికెనవేలి పక్కది అరత్ని. అరత్ని మోచేతి దగ్గర మడతబందులాగా పై ఎముకను పట్టుకుని నిలకడగా ఉంటుంది. రత్ని దాని చుట్టూ తిరుగుతుంది. అరచెయ్యి పైకి తిప్పి తీర్థం పుచ్చుకున్నా, కిందికి తిప్పి విస్తట్లో అన్నం కలుపుకున్నా, తాళం తీసినా, తడిగుడ్డ పిండినా తిరిగేది రత్నే. అలా తిరగడానికి దాని పైకొస మేకు తలలాగా గుండ్రంగా ఉంటుంది. నుగ్గయ్యేది ఆ తలే.

ఈ రెండు ఎముకల నడుమ పొడవునా గట్టి పొర ఒకటి ఉంది. నులకమంచం పట్టెల మధ్య ఏటవాలుగా బిగించిన నులకను ఊహించుకోండి. దాని పోగులు రత్ని నుంచి కిందికి ఏటవాలుగా దిగి అరత్నిని పట్టుకుంటాయి. ఆ ఏటవాలులోనే కిటుకంతా ఉంది. అరచేతి మీద పడిన బరువులో మణికట్టు దగ్గర సుమారు 80 పాళ్ళు రత్ని మీద, 20 పాళ్ళు అరత్ని మీద పడతాయి. అదే బరువు మోచేతికి చేరేసరికి రత్ని వాటా 60 పాళ్ళకు తగ్గుతుంది, అరత్ని వాటా 40 పాళ్ళకు పెరుగుతుంది. నడుమ ఆ బరువును రత్ని మీంచి అరత్ని మీదికి దాటించడంలో ఈ పొరదే పెద్ద పాత్ర. రత్ని పైకి జరగబోతే పోగులు బిగుసుకుని దాన్ని ఆపుతాయి. ఇక మణికట్టు దగ్గర రెండు ఎముకల కొసల్నీ కలిపి ఉంచే త్రికోణపు మృదులాస్థి ఒకటి ఉంది. పైన రత్ని తల, నడుమ పొర, కింద ఈ మృదులాస్థి, మూడూ కలిసి పొయ్యి మీద కుండను నిలిపే మూడు రాళ్ళలాంటివి.

మనిషి చెయ్యి చాపి నేల మీద పడ్డప్పుడు దెబ్బ రత్ని పొడవునా పైకి పోతుంది. తల పై ఎముకకు కొట్టుకుని చితుకుతుంది. మామూలుగా అంతటితో సరి. కానీ దెబ్బ బలమైనదైతే రత్ని ఇంకా పైకి దూసుకుపోతుంది. నడుమ పొర చిరుగుతుంది, మణికట్టు దగ్గర కీలు ఊడుతుంది. రత్ని తల విరిగినవాళ్ళలో నూటికి ఒకరికి ఇలా జరుగుతుందంటారు. తక్కువే. కానీ ఆ ఒక్కరినీ గుర్తుపట్టడం కష్టం. మోచెయ్యి విపరీతంగా నొస్తుంటే మణికట్టు నొప్పి రోగికే తోచదు. డాక్టరు మోచేతికి ఎక్స్‌రే తీయిస్తాడు. అందులో నుగ్గయిన తల కనబడుతుంది. దాంతో సమాధానం దొరికిపోయినట్టే ఉంటుంది. చిరిగిన పొర ఎక్స్‌రేలో కనబడదు.

నుగ్గయిన తలను తీసెయ్యడం ఆ రోజుల్లో వాడుక. చాలామందికి దాంతో బాగానే ఉండేది కూడా. కానీ పొర చిరిగినవాడికి తల తీశారంటే మూడు రాళ్ళలో మిగిలిన ఆఖరి రాయి కూడా లాగేసినట్టే. ఇక రత్నిని పైకి పోకుండా ఆపేది ఏదీ లేదు. కండరాలు రోజూ లాగుతూనే ఉంటాయి. రత్ని కొంచెం కొంచెంగా పైకి జరుగుతుంది, పక్కనున్న అరత్ని కొస మణికట్టు దగ్గర పొడుచుకొస్తుంది. మా మామ చేతి మీద లేచిన గోళీ అదే.

తల తీసిన తరవాత మణికట్టు చెడ్డ సంగతిని బ్రాక్‌మన్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1930లోనే రెండు కేసుల్లో చూపించాడు. 1946లో కర్, కో అనే ఇద్దరు ఒక కేసు రాశారు. విచిత్రమేమంటే అది ఎసెక్స్-లోప్రెస్టీ పారాచూట్ల వ్యాసం వచ్చిన పత్రికలోనే, ఆ సంవత్సరమే వచ్చింది. ఆయన దాన్ని చదివే ఉంటారని ఊహించుకోవడానికి నాకు ఇష్టం.

1951లో ఆయన ఎముకల వైద్యపు బ్రిటిషు పత్రికలో తన వ్యాసం ప్రకటించారు. ఆయన చేతిలో ఉన్నవి రెండే కేసులు. వేల దూకుళ్ళ లెక్క రాసిన మనిషి ఇక్కడ ఇద్దరు రోగులతో సరిపెట్టుకున్నారు. కానీ మోచేతి దెబ్బా, మణికట్టు దెబ్బా రెండు కాదనీ, ఒకే బలం ఒకే దారిన పోతూ చేసిన ఒకే గాయమనీ అందులో తేల్చారు. అలాంటప్పుడు రత్ని తలను ఊరికే తీసెయ్యరాదు. వీలైతే అతికించి నిలపాలి, వీలుకాకపోతే దాని స్థానంలో కృత్రిమమైనదాన్ని పెట్టి ఎముక పొడవు కాపాడాలి. కెలాగ్ స్పీడ్ అనే అమెరికా వైద్యుడు రత్ని కొసకు లోహపు టోపీలు తొడిగిన సంగతి 1941లోనే ప్రకటించి ఉన్నాడు గనుక ఆ మాట గాలిలో మేడ కాదు.

అదే సంవత్సరం ఆయన లండన్ రాయల్ కాలేజీలో హంటేరియన్ ప్రొఫెసర్ హోదాలో ఉపన్యాసం ఇచ్చారు. శస్త్రవైద్యులకు అది పెద్ద గౌరవం. విషయం మడమ ఎముక విరుగుళ్ళు. ఎత్తునుంచి పడి మడమల మీద దిగినవాడి ఎముక ఎలా చీలుతుంది, చీలిక వెనక్కి పోతే నాలుకలాంటి ముక్క ఎలా లేస్తుంది, అలా పోకపోతే కీలు ఎలా కుంగుతుంది అని ఆయన రెండు రకాలుగా విడదీశారు. ఈ రెండు పేర్లూ ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. తాటిచెట్టు మీంచి పడ్డ గీత కార్మికుడు మడమ విరిగి ఏ ఆసుపత్రికి వచ్చినా, అతని ఎక్స్‌రే చూసే డాక్టరు నాలుక రకమా, కుంగిన రకమా అనే ఆలోచిస్తాడు.

ఆ ఉపన్యాసం అచ్చులో చూసుకునే అదృష్టం ఆయనకు లేకపోయింది. 1951లోనే ఆయన హఠాత్తుగా చనిపోయారు. మడమ వ్యాసం 1952లో వచ్చింది. ముంజేతి గాయానికి తన పేరు పెట్టారన్న సంగతి కూడా ఆయనకు తెలియదు.

ఆయన పోయాక చెప్పిందంతా వెంటనే ఆచరణలోకి వచ్చిందనుకుంటే పొరపాటు. 1970, 80 దశకాల్లో రత్ని తలకు బదులు సిలికోన్ తలలు పెట్టారు. అవి మెత్తన. బరువు మొయ్యాల్సిన చోట మెత్తన వస్తువు పెడితే ఏమవుతుంది? అరిగి, చిట్లి, ఆ పొడి కీలును వాపెక్కించింది. తరవాత మళ్ళీ లోహానికే వచ్చారు. 1989లో హాచ్‌కిస్, ఆయన సహచరులు శవాల ముంజేతుల మీద కొలిచి చూస్తే, తల తీసేశాక నిలువు బలానికి ఎదురొడ్డే శక్తిలో 71 పాళ్ళు ఆ పొర నడిమి పట్టీదేనని తేలింది; మణికట్టు మృదులాస్థిది 8 పాళ్ళే. ఎసెక్స్-లోప్రెస్టీ ఇద్దరు రోగుల్ని చూసి గ్రహించినదానికి లెక్క కట్టడానికి 38 ఏళ్ళు పట్టింది.

1992లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 20 మంది రోగుల చరిత్ర రాశారు. మొదట్లోనే గుర్తించింది అయిదుగురికి. వాళ్ళలో నలుగురికి తృప్తికరంగా కుదిరింది. ఆలస్యంగా గుర్తించింది 15 మందికి, కుదిరింది ముగ్గురికి. 1951లో వ్యాసం వచ్చింది, పాఠ్యపుస్తకాల్లో పేరు ఎక్కింది, అయినా ఇరవైలో పదిహేను మంది మామలాగా తిరిగినవాళ్ళే. ఈ అంకెలు చదివిన రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదని చెబితే అతిశయోక్తి కాదు.

ఇప్పుడు పద్ధతి కొంత మారింది. తల నుగ్గయిన చేతికి రెండు మణికట్లనూ పక్కపక్కన ఎక్స్‌రే తీసి పోల్చి చూడటం, పొర చిరిగిందేమోనన్న అనుమానం ఉంటే ఎమ్మారై గానీ అల్ట్రాసౌండ్ గానీ చేయించడం ఉంది. ఆపరేషన్ బల్ల మీదే ఒక పరీక్ష చేస్తారు. ముక్కలు తీశాక రత్నిని పట్టి పైకి లాగుతారు. మూడు మిల్లీమీటర్లు గానీ అంతకు మించి గానీ జరిగితే పొర పోయినట్టు, ఆరు దాటితే మణికట్టు కట్టు కూడా పోయినట్టు. యంత్రం అక్కర్లేదు, ఖర్చు లేదు. తల స్థానంలో లోహపు తల పెడతారు. అది సరిగ్గా పాత తలంత పొడవే ఉండాలి. పొట్టిదైతే లాభం లేదు, పొడుగైతే పై ఎముకను ఒరుసుకుని తినేస్తుంది.

ఆలస్యమైనవాళ్ళకు పని ఎక్కువ. పొడుచుకొచ్చిన అరత్నిలోంచి ఒక ముక్క కోసి దాన్ని పొట్టి చేస్తారు. చిరిగిన నడిమి పట్టీకి బదులు మోకాలి చిప్ప కింది స్నాయువు ముక్కనో, ముంజేతిలోని మరో స్నాయువునో తెచ్చి, మునుపటి ఏటవాలులోనే బిగిస్తారు. గట్టి దారాన్ని రెండు లోహపు గుండీల మధ్య బిగించే పద్ధతి కూడా వచ్చింది. ఇవన్నీ కుదరకపోతే చివరి దారి రెండు ఎముకల్నీ కలిపి ఒకటిగా అతికించడం. నొప్పి పోతుంది, చెయ్యి బలంగా ఉంటుంది, కానీ అరచెయ్యి ఇక జన్మలో తిరగదు. ఏ స్థితిలో అతికించాలో ముందే రోగిని అడిగి తేల్చుకోవాలి. అన్నం తినే చెయ్యా, రాసే చెయ్యా, పార పట్టే చెయ్యా అన్నదాన్ని బట్టి.

బర్మింగ్‌హామ్ యాక్సిడెంట్ హాస్పిటల్ 1993లో మూతపడింది.

మా మామకు చివరికి ఇంకొక చోట అరత్నిని పొట్టి చేసి పలక బిగించారు. ఆ ఆపరేషన్‌కు ముందు అక్కడి కుర్ర డాక్టరు ఆయన పాత కాయితాలన్నీ వరసగా పెట్టుకుని, మోచేతి ఎక్స్‌రేనూ మణికట్టు ఎక్స్‌రేనూ ఒకే వెలుగుపెట్టె మీద పక్కపక్కన తగిలించి మాకు చూపించాడు. రెండింటినీ అలా కలిపి చూడటం అదే మొదలు. గోళీ అణిగింది. నొప్పి చాలావరకు పోయింది. అరచెయ్యి సగం తిరుగుతోంది. గుళ్ళో పూజారి మాత్రం ఆయన వరసకు వచ్చేసరికి ఉద్ధరిణ కాస్త పక్కకు వంచి తీర్థం పోస్తున్నాడు.